ఉస్తాద్ నడుము పూసల లెక్క

వెన్నెముక ఆపరేషన్లు నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగాక వాళ్లలో ఒకరు తప్పకుండా అడుగుతారు, "సార్, మీరు జన్మలో మర్చిపోలేని కేసు ఏది?" అని. రక్తం ఆగని కథో, గుండె ఆగి మళ్లీ కొట్టుకున్న కథో చెబుతానని వాళ్ల ఆశ. నాకు మాత్రం ప్రతిసారీ ఒక కంపెనీ బస్సు డ్రైవరే గుర్తొస్తాడు. ఆ ఆపరేషన్‌లో రక్తం పెద్దగా పోలేదు. పోయిందల్లా మా పరువే, అది కూడా ఆపరేషన్‌కు ముందే.

అప్పట్లో నేను పటాన్‌చెరులో ముంబై హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవాణ్ని. చుట్టూ ఫ్యాక్టరీలు. మూటలెత్తి పట్టేసిన నడుములు, డ్రమ్ములు దొర్లించి జారిన డిస్కులు, లారీ మీంచి దూకి విరిగిన మడమలు. పని లేదని కూర్చున్న రోజు ఒక్కటీ లేదు.

మా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు, స్కానులు చూసి రిపోర్టు రాసే డాక్టరు సంగారెడ్డి ఆవిడ. నాకంటే కాస్త పెద్దావిడ. ఆవిడ గదికీ నా గదికీ మధ్య ఒక్క వరండా ఉండేది. ఆ వరండా దాటి మేం మాట్లాడుకోక చాలా కాలమైంది. ఒక మీటింగులో నేను నవ్వులాటకు, "మేడం రిపోర్టులో అన్నీ ఉంటాయి, నాకు కావలసింది తప్ప" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "చదవడం వస్తే అది కూడా కనబడ్తది" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అంతటితో మాటలు బందయ్యాయి.

మరి పని ఎలా సాగేది అంటారా? మా మత్తు డాక్టరు ద్వారా సాగేది. ఆయన పొద్దున ఆవిడ గదిలో టీ తాగేవాడు, పదకొండింటికి నా గదిలో తాగేవాడు. ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి మోసేవాడు. మోసేటప్పుడు అందులోని కారం తీసేసి మోసేవాడు. ఆసుపత్రి ఆయన వల్లే నడిచిందని ఇప్పటికీ నా నమ్మకం.

ఒక రోజు నా గది బయట వరండాలో టప్పు టప్పుమని చప్పుడు వినిపించింది. చెప్పు నేలకు కొట్టుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత మనిషి వచ్చాడు, ఆయన వెనకే భార్య. ఆయనకు యాభై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, జేబులో దువ్వెన.

"ఎక్కడ నొప్పి?" అని ఆయన్ను అడిగాను.

"నడుముల సార్. ఆడికెల్లి ఎడమ కాలుకు గుంజుతది," అంది భార్య.

"ఎప్పట్నుంచి?"

"దసరా ముంగటికెల్లి," అందీ ఆవిడే.

"ఆయన్ను చెప్పనియ్యమ్మా."

"ఆయన్ని చెప్పనిస్తే ఏం నొప్పి లేదంటడు సార్. గందుకే నేనొచ్చిన."

ఆయన వైపు చూశాను. "నొప్పి ఏం లేదు సార్," అన్నాడు. "కాలే మాట ఇంటలేదు."

వాళ్లది బొంతపల్లి దగ్గర ఊరు. పొలం ఉంది, తమ్ముళ్లు చూసుకుంటారు. ఈయనకు చిన్నప్పటి నుంచీ స్టీరింగు మీదే మనసు. మందుల కంపెనీలో స్టాఫ్ బస్సు నడుపుతాడు. బిహారు నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కార్మికులు ఆయన్ను ఉస్తాద్ అని పిలుస్తారు. ఆ పేరే ఊళ్లో కూడా స్థిరపడిపోయింది. భార్య కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలుస్తుంది.

మంచం మీద పడుకోబెట్టి చూస్తే ఎడమ పాదం పైకి లేవడం లేదు. బొటనవేలు అసలే కదలడం లేదు.

"క్లచ్ మీదికెల్లి కాలు తీసిననుకున్న సార్," అన్నాడాయన మెల్లగా. "అది తియ్యలే. బస్సు పోయి గేటు కాడ సెక్యూరిటీ ఆయన కుర్చీని గుద్దింది. ఆయన చాయ్ తాగనీకి పోయిండు గాబట్టి బతికిండు."

"కంపెనీవాళ్లు ఏమన్నారు?"

"ఏమంటరు సార్, కొత్త కుర్చీ తెచ్చిన్రు," అంది భార్య. "దాంట్ల ఈయన్నే కూసోబెట్టిన్రు. గేటు కాడ ఊకె కూసుంటడు. బస్సు వొయ్యేటప్పుడు చూడొద్దని మొకం అటు తిప్పుకుంటడంట. వేరే డ్రైవర్ నడుపుతుండు గద."

ఆయన జేబులోంచి దువ్వెన తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఎక్స్‌రేలో చూస్తే నడుములో ఒక పూస కింది పూస మీద నుంచి ముందుకు జారి ఉంది. ఆ జారుడు కింద పాదాన్ని లేపే నరం నలుగుతోంది. నరం మీద ఒత్తిడి తీసేసి, ఆ రెండు పూసలనూ స్క్రూలతో, రాడ్లతో కట్టి ఒకటిగా అతుక్కునేలా చేయాలి. ఆలస్యమైతే పాదం ఇక ఎప్పటికీ లేవకపోవచ్చు. అతికించడంలో తేడా వస్తే ఇంకా ఘోరం. బాగున్న కీలు బిగుసుకుపోతుంది, చెడిన కీలు చెడినట్టే ఉంటుంది.

మర్నాడు ఎమ్మారై రిపోర్టు వచ్చింది. 'నాలుగో నడుము పూస ఐదో పూస మీద ముందుకు జారింది' అని మేడం రాసింది. నేను ఎక్స్‌రే తీసి లెక్కపెట్టాను. చివరి పక్కటెముక ఉన్న పూస దగ్గర ఛాతీ అయిపోతుంది. దాని కింది పూస నడుములో మొదటిది. అలా ఒకటి, రెండు, మూడు అని దిగుతూ వస్తే జారింది ఐదోది. దాని కింద ఇంకొకటి ఉంది, ఆరోది. మామూలుగా మనిషికి నడుములో ఐదే పూసలుంటాయి. కొద్దిమందికి ఆరుంటాయి. పాఠాల్లో చదివిందే, కానీ ఇలా చేతికి చిక్కితే సంబరంగా ఉంటుంది. పైగా ఆవిడ లెక్క తప్పింది.

పదకొండింటి టీకి మత్తు డాక్టరు వచ్చాడు. "జారింది ఐదోది అని మేడంకు చెప్పు," అన్నాను. ఆయన వెళ్లి వచ్చాడు. "ఆవిడ కింద త్రికం ఎముక దగ్గర మొదలుపెట్టి పైకి లెక్కపెట్టిందట. నాలుగోదే అంటోంది." త్రికం అంటే నడుము పూసలన్నిటికీ అడుగున ఉండే ముక్కోణపు ఎముక.

"పక్కటెముకల దగ్గర నుంచి లెక్కపెట్టమను."

మళ్లీ వెళ్లి వచ్చాడు. "పక్కటెముకలను నమ్మొద్దని చెప్పమంది."

"నమ్మొద్దంటే ఏంటి? పక్కటెముకలు ఏం చేశాయి?"

"అది నేను అడగలేదు," అన్నాడు ఆయన. "నా టీ చల్లారిపోయింది."

నిజం చెప్పాలంటే మేమిద్దరం చూపిస్తున్న పూసలు అవే. ఆవిడ వాటిని నాలుగు, ఐదు అంటోంది, నేను ఐదు, ఆరు అంటున్నాను. కానీ థియేటర్లో అంకె చూసుకుని కత్తి పెడతాం. ఆవిడ రాసిన 'నాలుగు'ను పట్టుకుని నా పద్ధతిలో పైనుంచి లెక్కపెట్టేవాడు ఎవడైనా ఉంటే, ఒక మెట్టు పైన ఆపరేషన్ చేసి చేతులు కడుక్కుంటాడు.

ఈ లోపు నేను ఆగలేక భార్యాభర్తలకు చెప్పేశాను. "ఈయన నడుములో ఒక పూస ఎక్కువుందమ్మా. భయం లేదు, పుట్టుకతోనే అలా ఉంటుంది కొందరికి."

ఆవిడ భర్త వైపు ఒకసారి చూసింది. "గందుకేనా సార్ ఎవ్వరి మాటకూ వంగడు?" అంది.

రెండు రోజుల్లో ఆ వార్త కంపెనీ అంతా పాకింది. డ్యూటీ దిగిన కార్మికులు బృందాలుగా పరామర్శకు వచ్చారు. "ఉస్తాద్ కీ ఏక్ హడ్డీ జ్యాదా హై" అని ఒకరికొకరు చెప్పుకుంటూ ఆయన వీపు వైపు గౌరవంగా చూశారు. స్పీడ్ బ్రేకర్ల మీద బస్సు అంతలా ఎగిరినా ఆయన సీట్లోంచి ఎందుకు కదిలేవాడు కాదో ఇప్పుడు తెలిసిందన్నాడు ఒకాయన. ఊరి నుంచి ఆయన తల్లి వచ్చింది. "నా కడుపుల అన్నీ ఎక్కువ వెట్టే కన్న," అని పక్క మంచం వాళ్లకు చెప్పింది. ఎప్పుడూ మాట్లాడని ఉస్తాద్ కూడా కాస్త ఛాతీ విరిచి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆపరేషన్ ఎప్పుడు పెట్టుకుందామని నేను అడిగినప్పుడు మత్తు డాక్టరు కప్పు బల్ల మీద పెట్టాడు.

"నేను మత్తు ఇవ్వను."

"ఎందుకు? ఆయన గుండె బాగానే ఉందన్నావు కదా."

"ఆయన గుండె బాగానే ఉంది. మీ ఇద్దరిదే బాగాలేదు. ఒక మనిషికి రెండు లెక్కలున్నాయి. మీరిద్దరూ ఒకే అంకె చెప్పేదాకా నేను సూది పట్టను. ఈ మాట ఇప్పుడే ఆవిడకు కూడా చెప్పి వచ్చాను."

అంత మెత్తని మనిషి ముఖంలో అలాంటి పట్టుదల నేనెప్పుడూ చూడలేదు. ఆ మధ్యాహ్నం మేడం దగ్గర నుంచి కబురు వచ్చింది. మెడ నుంచి కింది దాకా మొత్తం వెన్నెముక ఒకే చిత్రంలో వచ్చేలా తీద్దాం, పైనుంచి ఒక్కొక్కటీ లెక్కపెడదాం, అప్పుడు ఏది వస్తే అదే ఇద్దరం ఒప్పుకుందాం అని. నేను సరేనన్నాను. గెలుస్తానని నాకు నమ్మకం.

చిత్రం వచ్చాక మేం ముగ్గురం ఆవిడ గదిలో తెర ముందు నిలబడ్డాం. ఆవిడ తెరతో మాట్లాడింది, నేను మత్తు డాక్టరుతో మాట్లాడాను. మెడలో ఏడు. అందులో పేచీ లేదు. తర్వాత ఛాతీ పూసలు. పన్నెండు ఉండాలి, ప్రతిదానికీ ఒక జత పక్కటెముకలు ఉండాలి. ఆవిడ వేలు ఒక్కొక్క పూస మీదుగా దిగింది. పదకొండో పూసకు పక్కటెముకలు ఉన్నాయి. పన్నెండో పూస దగ్గర వేలు ఆగింది. దానికి పక్కటెముకలు లేవు. అటూ లేవు, ఇటూ లేవు.

నేను నడుములో మొదటిదని లెక్కపెట్టింది ఆ పూసనే. ఆయనకు పూస ఎక్కువ లేదు. ఒక జత పక్కటెముకలు తక్కువున్నాయి, అంతే. దాని కింద శుద్ధంగా ఐదు నడుము పూసలు. జారింది నాలుగోది.

ఆవిడ గెలిచిన ముఖం పెడుతుందని చూశాను. పెట్టలేదు. "నేను కూడా కిందికెల్లి లెక్కవెట్టి ఐదే ఉంటయ్ అనుకున్న," అంది తెరను చూస్తూనే. "ఈయన కిస్మత్ బాగుండి సరిపోయింది. ఆరు ఉన్నా నేను గిట్లనే రాసేదాన్ని."

ఆ మాట నాతోనే అందేమో, తెరతో అందేమో ఇప్పటికీ తెలియదు.

ఉస్తాద్ కుటుంబానికి ఈ సంగతి చెప్పే బాధ్యత నా మీదే పడింది. మా లెక్కల పేచీ అప్పటికే వార్డు దాకా పాకింది, మంచం చుట్టూ అందరూ ఉన్నప్పుడే చెప్పాల్సి వచ్చింది.

"మొన్న ఒకటి ఎక్కువుందన్నరు," అంది భార్య.

"అవునమ్మా. సరిగ్గా లెక్కపెడితే ఎక్కువ లేదు."

"మంచిదే గద సార్."

"ఒక జత పక్కటెముకలు తక్కువున్నాయి."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "మొన్న ఎక్కువ, ఇయ్యాల తక్కువ. ఆపరేషన్ అయినంక ఎంతుంటయ్ సార్? ముందే చెప్పుండ్రి, ఇంటికి పోయినంక చూసుకుంటం."

తల్లి లేచి నిలబడింది. "నా కొడుక్కు తక్కువెట్లుంటయ్?" అని నిలదీసింది. ఉస్తాద్ మాత్రం ఒక్క మాటే అడిగాడు. "పక్కటెముక లేకుంటే బస్సు నడపొచ్చా సార్?" నడపొచ్చన్నాను. "అయితే ఉండనియ్యుండ్రి," అన్నాడు.

ఇక ఆపరేషన్‌కు ప్రణాళిక వేసుకున్నాం. స్క్రూ పూసలోకి వెళ్లే దారి ఒకటి ఉంటుంది. పూస వెనక భాగాన్ని ముందు భాగంతో కలిపే పొట్టి కాడ అది. ఆ కాడ లోంచే స్క్రూ దింపాలి. పక్కనే నరం ఉంటుంది, కాడ పగిలితే స్క్రూ దాని మీదికే పోతుంది. సీటీ స్కానులో ఉస్తాద్ ఐదో పూసకు ఎడమ కాడ బాగా సన్నగా ఉందని తేలింది, కుడి కాడ మందంలో సగం కూడా లేదు. మామూలు స్క్రూ అందులో పట్టదు. దాని వాలు కూడా వేరేలా ఉంది. మేడం ఆ కాడను కొలిచి, స్క్రూ ఏ వాలులో దిగాలో ఫిల్ము మీదే గీత గీసి పంపింది. నేను ఆ గీతను చాలాసేపు చూశాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు. సన్నటి స్క్రూలు తెప్పించాను.

ఆపరేషన్ రోజు వచ్చింది. మత్తు ఇచ్చారు. ఉస్తాద్‌ను బోర్లా తిప్పి పడుకోబెట్టారు. టేబుల్ దగ్గరే ఎక్స్‌రే చూపించే యంత్రాన్ని దగ్గరికి లాగాం. నేను తెర వైపు చూశాను.

జారుడు లేదు.

పూసలన్నీ ఒకదాని కింద ఒకటి బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఇలా జరుగుతుందని చదువుకున్నదే. నిలబడితే జారే పూస, బోర్లా పడుకుని కండరాలు వదులైతే కొందరిలో తనంతట తానే సర్దుకుంటుంది. చదువుకున్నదే కానీ, అంకెలు ఏవైతేనేం, జారిన పూస కళ్లకు కనిపిస్తుంది కదా అన్న ధైర్యం నాకు మనసులో ఒక మూల ఉండేది. ఆ ధైర్యం అక్కడికక్కడ కరిగిపోయింది. ఆ యంత్రం తెర చిన్నది. అందులో మెడ కనబడదు, పక్కటెముకలు కనబడవు. ఒకేలా ఉన్న నాలుగు పూసలు కనబడుతున్నాయి.

"మేడంకు ఒకసారి ఫోన్ చెయ్యి," అన్నాను మత్తు డాక్టరుతో.

ఆయన తన మీటల వైపే చూస్తూ అన్నాడు, "నేను పేషెంటును చూసుకోవాలి. ఫోను సిస్టర్ మీ చెవి దగ్గర పెడుతుంది. మాట్లాడేది మీరే."

థియేటర్ సిస్టర్ అప్పటికే నంబరు కలిపేసింది. వాళ్లిద్దరూ ముందే అనుకున్నారేమో అని నాకు అనుమానం.

"మేడం, నేనే," అన్నాను. "పూస కనబడ్తలేదు."

"పూస ఏడికి పోతది డాక్టర్ సాబ్?"

"పూస ఉంది. జారుడు పోయింది. బోర్లా పడుకోబెట్టగానే సర్దుకుంది."

"చెయ్యి పెట్టకుండ్రి. వస్తున్న."

ఆవిడ థియేటర్‌లోకి అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో. బయటి చెప్పులతో గుమ్మం దాటబోతే సిస్టర్ ఆపేసింది. "చెప్పులు విడవాలి మేడం." ఆవిడ చెప్పులు విడిచి, తనకంటే పెద్దదైన పచ్చ గౌను వేసుకుని, దాని మీద ఎక్స్‌రే కిరణాలు సోకకుండా సీసం కోటు తొడుక్కుని వచ్చింది. కోటు బరువుకు కొంచెం ముందుకు వంగి నడిచింది. నవ్వడానికి అది సమయం కాదు. మత్తు డాక్టరు మాత్రం మాస్కు సర్దుకునే నెపంతో తల పక్కకు తిప్పుకున్నాడు.

ఆవిడ తెర ముందు నిలబడింది. "త్రికం చూపెట్టుండ్రి." యంత్రాన్ని కిందికి జరిపాం. "గది త్రికం. దాని మీద ఐదు. దాని మీద నాలుగు. మీరు కూడా లెక్కవెట్టుండ్రి." నేను లెక్కపెట్టాను. నాకూ అదే వచ్చింది. సిస్టర్‌ను కూడా లెక్కపెట్టమంది. ఆమెకూ అదే వచ్చింది. అయినా నా చెయ్యి ముందుకు పోలేదు.

"ఇంకొక గుర్తు ఉంటే బాగుండు మేడం."

ఆవిడ తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. "వీపు మీదికెల్లి చూపెట్టుండ్రి. కాడలు కనబడేటట్టు."

యంత్రాన్ని తిప్పాం. వీపు వైపు నుంచి చూస్తే ప్రతి పూసకూ ఆ రెండు కాడలూ రెండు కళ్లలా కనిపిస్తాయి. పై పూసకు రెండు కళ్లూ సమానంగా ఉన్నాయి. దాని కింది పూసకు కుడి కన్ను గుండ్రంగా ఉంది. ఎడమ కన్ను సన్నని గీతలా ఉంది.

"గదే," అంది ఆవిడ. "గది ఐదోది."

"అవును మేడం."

స్క్రూ పట్టదని మమ్మల్ని అంత పరేషాన్ చేసిన కాడ అది. నేను పని మొదలుపెట్టాను. ఆవిడ వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. సన్నటి స్క్రూ దిగేదాకా ఆ బరువు కోటుతోనే తెర దగ్గర నిలబడింది. "జెర లోపలికి వంచుండ్రి," అని ఒకసారి, "చాలు," అని ఒకసారి అంది. ఆ రెండు మాటల విలువ ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

పాదం వెంటనే లేవలేదు. నలిగిన నరం తన తీరికలో తాను లేస్తుంది. ఉస్తాద్ పాదం వేలాడకుండా కాలికి పట్టీ కట్టుకుని ఇంటికి వెళ్లాడు. వారాలు గడిచాయి. నేను పైకి ధైర్యం చెబుతున్నా లోపల నాకు నిద్ర పట్టేది కాదు. ఒక పొద్దున భార్య ఫోన్ చేసింది. ఆయన పడుకుని ఉండగా దుప్పటి కింద బొటనవేలు కదిలిందట. "నిద్రల కదిలింది సార్. లేపి మళ్ల కదిలియ్యమన్న. కదిలిచ్చిండు. ఇప్పటికి పదిసార్లు కదిలియ్యమన్న, ఇగ కోపానికొస్తుండు." నేను వరండా దాటి మేడం గదికి వెళ్లి ఆ సంగతి స్వయంగా చెప్పాను. ఆవిడ కుర్చీ చూపించి, టీ తెప్పించింది.

కొన్ని నెలలకు కంపెనీవాళ్లు పరీక్ష పెట్టి ఉస్తాద్‌కు బస్సు తిరిగి ఇచ్చారు.

ఈ కథలో నీతి ఏమిటని కుర్ర డాక్టర్లు అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే. పుస్తకంలో బొమ్మ ఎవరిదో ఒకరిది, టేబుల్ మీద పడుకున్నది ఈ మనిషి. లెక్క ఎక్కడ మొదలుపెట్టారో రాయకుండా అంకె రాయకండి. ఇంకా, ఎదుటి గదిలో ఉన్నవాళ్లతో మాట్లాడుతూ ఉండండి, అవసరం పడేదాకా ఆగకండి. వాళ్లు తలలూపి, మళ్లీ ఆపరేషన్ గురించే అడుగుతారు.

చివరిసారి చూపించుకోవడానికి దంపతులిద్దరూ వచ్చారు. వరండాలో చప్పుడు లేదు. ఆయన నడక చూసి, నవ్వి, ఇక రానక్కర్లేదన్నాను. భార్య లేవలేదు.

"నా నడుము గూడ నొస్తుంది సార్. ఒక ఫోటో తీసి లెక్కవెట్టుండ్రి."

ఎక్స్‌రే తీయించి మేడంను పిలిచాను. ఫిల్ము తగిలించిన వెలుగు పెట్టె ముందు ఇద్దరం నిలబడ్డాం.

"మీరు చెప్పండి మేడం," అన్నాను.

"మీరే చెప్పుండ్రి డాక్టర్ సాబ్."

"లేదు లేదు, ముందు మీరు."

"అట్లెట్ల, పేషెంట్ మీ దగ్గరికొచ్చింది."

భార్య మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "ఇద్దరు కొట్లాడుకున్నప్పుడే జల్దీ తెలిసేది," అంది.

మేం పైనుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి లెక్కపెట్టాం. ఎటు నుంచి చూసినా ఐదే. పక్కటెముకలు కూడా నిండుగా ఉన్నాయి. "అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా," అన్నాను. "ఎక్కువ లేదు, తక్కువ లేదు."

భార్య ముఖం కొంచెం చిన్నబోయింది. ఉస్తాద్ జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. ఆవిడ చేతిలోని సంచి అందుకుని, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"పోనీలే," అన్నాడు భార్యతో. "మళ్లోపారి ఇంకో దవాఖానల లెక్కవెట్టిద్దాం."